రైతు చేతి ఫోను: దాని సద్వినియోగము



ఈ నెల విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయక ఫోనును గూర్చి వ్రాయుచున్నందుకు మీరు వింతపడవచ్చును. ఇది వ్యవసాయ ప్రదర్శకుని పనియా యని యడుగవచ్చును. నాగలిని గూర్చి వ్రాయుట నా పని యైనచో ఫోనును గూర్చి వ్రాయుటయు నా పనియే. ఏలయన, నేడు భూమి లెక్క, పంట నమోదు, అప్పు గడువు, వాన కబురు, మార్కెట్టు ధర, కూలీల పిలుపు, పెండ్లి పిలుపు, ఇవన్నియు ఆ చిన్న పనిముట్టు మూలముననే వచ్చుచు పోవుచున్నవి. మన రేణిగుంట చుట్టుపట్టుల ఫోను లేని యిల్లు అరుదు. అయినను నేను పొలము గట్టున నిలిచి "మీ నంబరు చెప్పుడు" అని యడిగినప్పుడు, "మావాణ్ణి అడుగు సామీ, ఆ సంగతులన్నీ వాడికే తెలుసు" అను జవాబే తరచుగా వినుచున్నాను. ఆ యొక్క జవాబును గూర్చియే ఈ వ్యాసము.

పూర్వపు కరణము

మా నాయన చిన్ననాట గ్రామపు లెక్కలన్నియు కరణముగారి యింట నుండెడివి. తన పొలము ఎన్ని కుంటలో, గట్టు ఎక్కడనో, అందు ఏ పంట పండునో రైతునకు చక్కగా తెలియును. కాని ఆ పొలము కాగితముమీద ఎవరి పేర, ఎంత విస్తీర్ణముతో నున్నదో తెలియవలెనన్న కరణముగారి యరుగు నెక్కవలసినదే. కరణములందరును చెడ్డవారని నేననను. న్యాయముగా నడచి, నాలుగూళ్ల తగవులు తీర్చినవారును వారిలో నుండిరి. లోపము మనుష్యునిలో గాదు, ఏర్పాటులో నుండెను. పొలము ఒకరిది, లెక్క మరియొకరిది. లెక్క తెలియనివాడు వ్రేలిముద్ర వేసి వచ్చువాడేగాని, దేనిమీద వేసితినని యడుగువాడు కాడు.

1984 జనవరిలో అప్పటి ప్రభుత్వము వంశపారంపర్యమైన ఆ గ్రామోద్యోగములను రద్దుచేసెను. 2015లో 'మీ భూమి' యను ప్రభుత్వపు ఏర్పాటు వచ్చి, అడంగలును 1-బి ని ఎవరైనను ఇంటికడ కూర్చుండియే చూచుకొనుటకు వీలు కలిగించెను. ఒక తరము క్రిందట కరణముగారి పెట్టెలోనున్న లెక్క ఈనాడు మన జేబులోనికి వచ్చి చేరినది. ఇది చిన్న మార్పు కాదు. కాని ఆ జేబులోని ఫోనును తీసి మరియొకరి చేతిలో బెట్టి "నీవే చూడుము, నీవే నొక్కుము" అని మనమనుచున్నంతకాలము, పోయిన కరణమును క్రొత్తగా మనమే నియమించుకొనుచున్నట్లు గాదా? ఇప్పటి కరణము కొడుకు కావచ్చును, అల్లుడు కావచ్చును, ఎరువుల అంగడివాడు కావచ్చును, బజారులోని నెట్ సెంటరు కుర్రవాడు కావచ్చును. పొలము మాత్రము మనది, లెక్క వానిది.

ఒక రైతు కథ

స్వర్ణముఖి యొడ్డున వేరుశనగయు వరియు పండించు ఒక పెద్దాయన నాకు చిరకాల పరిచితుడు. పేరు వ్రాయను. ఆయన తమ్ముని కుమారుడు చురుకైనవాడు, పెదనాయనయందు భక్తి గలవాడు. ఆధారునకును, బ్యాంకు ఖాతాకును, ప్రభుత్వపు పథకములకును ఆ కుర్రవాని నంబరునే యిచ్చిరి. కొన్నాళ్లకు కుర్రవాడు ఉద్యోగమునకై బెంగుళూరు పోయి క్రొత్త నంబరు తీసికొనెను. పాత నంబరునకు రీచార్జి లేక అది రద్దయ్యెను. ఎవరును దీనిని తలపెట్టలేదు.

ఆయనకు 2 లక్షల రూపాయల పంటఋణము కలదు. 3 లక్షలవరకు గల పంటఋణములకు కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ ఎట్టిదో మీరెరుగుదురు. వడ్డీ నూటికి 7. గడువులోపల తీర్చినవారికి 3 తగ్గి, 4 మాత్రమే పడును. గడువు సమీపించినదని తెలుపు సందేశము ఆ మూగవోయిన నంబరునకు పోయెను. ఆయన చేతిలో పైక మున్నది, చెల్లించు మనసున్నది, తేది మాత్రము తెలియలేదు. గడువు దాటెను. 8 వేలతో తీరవలసిన వడ్డీ 14 వేలయ్యెను. ఆ 6 వేల రూపాయలు తీసికొన్న దొంగ ఎవడును లేడు. కుర్రవాని తప్పు లేదు, బ్యాంకు తప్పు లేదు, ఆయన తప్పును లేదని నేనందును. నంబరు తనది కాకపోవుటయే అందులకు కారణము.

ఈ సంగతి తెలిసిన పిమ్మట పి.యం. కిసాన్ ఈ-కేవైసీ చూడగా అదియు ఆ నంబరుతోనే ముడిపడి నిలిచియుండెను. ఆధారు కేంద్రమునకు పోయి వ్రేలిముద్ర వేసి, తన పేరిట తీసికొన్న నంబరును అందు వ్రాయించు నంతవరకు ఆయనకు రెండు వారములు తిరుగుడయ్యెను. దున్నుకొనవలసిన అదనులో రెండు వారములు!

నా తప్పు

పరుల సంగతి చెప్పితిని గాన నా సంగతియు చెప్పవలెను. కొన్ని యేండ్లపాటు నేను మంచిపని చేయుచున్నాననుకొని రైతుల ఫోనులు పుచ్చుకొని, వారికి వచ్చిన ఓ.టి.పి. అంకెలను నేనే చదివి నేనే నొక్కుచుంటిని. కొందరి రహస్యపు అంకెలు నా దినచర్య పుస్తకములో వ్రాసికొంటిని, మరచిపోవుదురేమోయని. ఒకనాడు ఒక ముసలితల్లి నా కడకు వచ్చి నిలిచి, "నాయనా, నా దుడ్డు వచ్చిందా లేదా అని నిన్ను అడగాల్నా, బ్యాంకును అడగాల్నా?" అనెను. ఆమె నన్ను దెప్పుటకు అనలేదు. నిజముగా తెలియకయే అడిగెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె లెక్క నా పుస్తకములో నున్నది. కరణమును తిట్టిన మా నాయన కొడుకునైన నేనే కరణమునైతిని. మరునాడు ఆ పుటలు చించి కాల్చివేసితిని. నాటినుండి నేను ఎవరి ఫోనును నా చేతిలోనికి తీసికొనను. ప్రక్కన నిలిచి చూపుదును. నొక్కవలసిన వ్రేలు వారిదే.

ఇక ఆ పనిముట్లేవో, వానితో ఏ పని యగునో చెప్పెదను. నూరు నేర్చుకొననక్కరలేదు. అయిదారు చక్కగా వచ్చిన చాలును. కొడవలి, పార, గునపము తెలిసినవాడు సేద్యమునకు చాలినట్లే.

మొదటిది: నంబరు

అన్నిటికిని మూలము నంబరే. ప్రతి సభ్యునకును, ప్రతి సభ్యురాలికిని తన పేరిట ఒక నంబరుండవలెను. అది ఆధారునందును, బ్యాంకునందును, మన సంఘపు పుస్తకమందును ఒకటిగా నుండవలెను. రీచార్జి లేక చాలకాలము విడిచిన నంబరు రద్దై, కొన్నాళ్లకు అపరిచితునకు ఈయబడును. అప్పుడు మన ఖాతా సందేశములు వానికి పోవును. మన పేరిట ఎన్ని నంబరులున్నవో చూచుకొనుటకు 2023లో 'సంచార్ సాథి' యను ప్రభుత్వపు ఏర్పాటు వచ్చినది. అందు మనకు తెలియని నంబరు కనబడిన, అది నాది కాదని అక్కడనే తెలుపవచ్చును.

రెండవది: పొలము, పంట

'మీ భూమి'లో సంవత్సరమునకు రెండుమార్లైనను మన 1-బి ని, అడంగలును తెరచి చూడవలెను. 2020 డిసెంబరులో ఆరంభమైన రీసర్వే ముగిసిన గ్రామములలో పాత సర్వే నంబరులకు మారుగా ఎల్.పి.యం. నంబరులు వచ్చినవి. పేరులో ఒక అక్షరము, విస్తీర్ణములో ఒక సెంటు తప్పిపోయినను అప్పుడే అర్జీ పెట్టుట తేలిక. అమ్మకమునాడో, పంపకమునాడో తెలిసిన తగవు పెరుగును.

పంట నమోదును గూర్చి మరింత శ్రద్ధ వహింపవలెను. రైతు సేవా కేంద్రపు సహాయకుడు పొలమునకు వచ్చి, పైరు ఫొటో తీసి ఈ-పంటలో వ్రాయును. నష్టపరిహారమునకును, పంటల బీమాకును, ప్రభుత్వపు కొనుగోలునకును ఆ నమోదే ఆధారము. జాబితా కేంద్రమునందు ప్రదర్శించినప్పుడు పోయి, మన పేరు, మన పంట, మన విస్తీర్ణము సరిగా నున్నవో లేవో మన కన్నులతో చూడవలెను. కౌలుదారులు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద కార్డు పొంది తమ పేరిటనే నమోదు చేయించుకొనవలెను. 2025 వేసవిలో మనము బెంగుళూరా యని పిలుచు తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు, గుజ్జు కర్మాగారముల వారు కిలోకు రూ.8 ఈయవలెననియు, ప్రభుత్వము రూ.4 చేర్చుననియు నిర్ణయమయ్యెను. అట్టి సొమ్ము చెట్టును చూచి రాదు, నమోదును చూచి వచ్చును.

మూడవది: వాన కబురు

మన సీమకు నైరుతికంటె ఈశాన్యపు వానలే ముఖ్యము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చు తుపానులు మన కుప్పలను ముంచిపోవుటయు కద్దు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినది మీరు మరువలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలును మీరెరుగుదురు. 'మేఘదూత్' అను యాప్‌లో తెలుగున జిల్లావారీగా రాబోవు దినముల వాన, ఎండ, గాలి వివరములును, మంగళ శుక్రవారములలో పైరులకు సలహాలును వచ్చును. 'దామిని' యనునది సమీపమున పిడుగు పడు సూచన తెలుపును. కోతకు ముందురోజు దానిని చూచుటకు రెండు నిమిషములు పట్టును. తడిసిన ధాన్యమును ఆరబెట్టుటకు ఎన్ని దినములు పట్టునో మీకు నేను చెప్పనక్కరలేదు.

చదువు రానివారును, బొత్తాముల ఫోను గలవారును 1800-180-1551 నకు ఫోను చేయవచ్చును. 2004లో నెలకొల్పిన కిసాన్ కాల్ సెంటరు అది. ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 వరకు తెలుగులోనే జవాబు చెప్పుదురు. ఖర్చు లేదు.

నాల్గవది: ధర, పైకము

ధర తెలిసికొనుటకు గొప్ప యంత్రము లేకున్నను మేలు కలుగునని చూపుటకు ఒక యుదాహరణము చెప్పెదను. కేరళ ఉత్తరపు తీరమున 1997 మొదలు 2001 వరకు క్రమముగా మొబైలు ఫోనులు వచ్చెను. అంతకు ముందు కవ్వలు పట్టిన జాలరులు తమ యూరి రేవునకే పోవుచుండిరి. అక్కడ కొనువారు లేనినాడు చేపలు పారవేయుచుండిరి. అదే దినమున మరికొంత దూరపు రేవున చేపలు చాలక కొనువారు వెనుదిరుగుచుండిరి. ఫోను వచ్చిన పిమ్మట పడవలోనుండియే నాలుగు రేవులకు మాటలాడి, ధర యున్నచోటికి పోవ నారంభించిరి. వృథా దాదాపుగా పోయెను, రేవునకు రేవునకు ధరల భేదము తగ్గెను. జాలరులకు లాభము పెరిగెను, కొనువారికి ధర తగ్గెను. రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 2007లో దీనిని లెక్కలతో ప్రకటించెను. ఇంటర్నెట్టు లేని ఫోనుతో జరిగిన మేలిది! మనకు నేడు 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన 'ఈ-నామ్' కలదు. దేశమునందలి వేయికి పైబడిన మార్కెట్టుల ధరలు అందు కనబడును. టమోటాలు ఎత్తకముందే మదనపల్లె ధర తెలిసికొన్నవానితో దళారి వేరుగా మాటలాడును.

పైకము సంగతి. 2016లో వచ్చిన యూపీఐ వలన పాలు పోసినవానికిని, కూలి చేసినవానికిని చేతికి చేయిగా సొమ్ము చేరుచున్నది. బొత్తాముల ఫోనుతోను పంపుటకు 2022 మార్చిలో '123పే' యను మార్గము ఏర్పడినది. ఆఫ్రికా ఖండమునందలి కెన్యా దేశపు రైతులు 2007 నుండియే సామాన్యపు ఫోనులతో 'ఎం-పెసా' యను పేర సొమ్ము పంపుకొనుచున్నారు. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యము కాదు. అయితే యూపీఐ లెక్క ఉద్దర పుస్తకమువలె కంటికి కనబడుచుండదు. కావున వారమున కొకమారు ఖాతా తెరచి, వచ్చినది, పోయినది చిన్న నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. వ్రాయని లెక్క ఎక్కడ నున్నను లెక్క కాదు.

అయిదవది: తేదీల పుస్తకము

నేను చదివిన మిషన్ పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు ప్రతి బాలునిచేతను రాత్రి పడుకొనుటకు ముందు నాలుగు పంక్తుల దినచర్య వ్రాయించుచుండెను. నాడు విసుగుకొంటిమి. ఆ యలవాటే నేడు నా యుద్యోగమునకు మూలధనము. ప్రతి ఫోనునందును క్యాలెండరు కలదు. విత్తిన తేది, నీరు కట్టిన తేది, ఎద్దులకు గాలికుంటు టీకా తేది, అప్పు గడువు, బిడ్డల ఫీజు గడువు, చుట్టముల యింటి పెండ్లి ముహూర్తము, ఇవన్నియు అందు వ్రాసి, వారము ముందుగా గంట మ్రోగునట్లు పెట్టవచ్చును. వ్రాయరానివారు నోటితో చెప్పినను అది వ్రాసికొనును. ఆ పెద్దాయనకు ఒక్క గంట మ్రోగియున్న 6 వేలు మిగిలియుండెడివి. పట్టా, ఆధారు, రేషను కార్డు, డ్రైవింగు లైసెన్సు మొదలగు కాగితములను 2015లో వచ్చిన 'డిజిలాకర్'లో దాచుకొన్నచో చెదలు పట్టవు, తడియవు. 2025 జనవరి 30న ఆరంభమైన 'మన మిత్ర' మూలమున 95523 00009 అను నంబరునకు వాట్సాప్ సందేశము పంపి పలు ప్రభుత్వ సేవలు పొందవచ్చును. ఆఫీసు మెట్లెక్కు శ్రమ కొంత తగ్గును.

ఆరవది: వాట్సాప్ గుంపు

పూర్వము సంఘపు సమావేశమునకు చాటింపు వేయించుచుండిరి. చావు కబురునకు తంతి కొట్టుచుండిరి. ఆ తంతియు 2013 జూలైలో శాశ్వతముగా నిలిచిపోయెను. నేడు వాటి స్థానమును వాట్సాప్ గుంపు ఆక్రమించినది. కువైటున నున్న కొడుకు ఇచ్చటి పైరును కన్నులార చూచి "నాయనా, ఆకు పసుపెక్కినదే" యని చెప్పుచున్నాడు. ఇది మెచ్చదగిన సంగతియే. కాని మన గుంపులను చూడుడు. ప్రొద్దుననే నూరు శుభోదయములు, మధ్యాహ్నము ఎచ్చటివో పుకారులు, రాత్రి రాజకీయపు తగవులు! వాని మధ్య "రేపు యూరియా వచ్చును" అను ఒక్క మాట పరిగెలలో గింజవలె మాసిపోవుచున్నది. చదువువాడు విసిగి గుంపు తెరచుటయే మానును, యూరియా దినమున రాడు.

దీనికి మందు కలదు. కబురుల గుంపు వేరు, ముచ్చటల గుంపు వేరుగా నుంచవలెను. కబురుల గుంపులో కార్యదర్శియు మరియిద్దరును మాత్రమే వ్రాయునట్లు ఏర్పాటు చేయవచ్చును. ధరణి వేరుశనగ విత్తనము వచ్చిన దినము, సమావేశపు తేది, వాన హెచ్చరిక, ఇట్టివే అందు రావలెను. చదువు రానివారికై ప్రతి కబురును గొంతుతో చెప్పియు పంపవలెను.

మోసములు

మంచి మార్గమున దొంగయు నడచును. ఈ నాలుగు మాటలు గోడపై వ్రాసికొనుడు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. పిన్ అడిగినవాడు ఇచ్చువాడు కాడు, పుచ్చుకొనువాడు. ఓ.టి.పి. ని బ్యాంకువాడడిగినను చెప్పరాదు. నిజమైన బ్యాంకువాడు అడుగడు. పి.యం. కిసాన్ పేర వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. ఫైలును తాకరాదు, అది ఖాతాకు కన్నము. పోలీసు వేషమున వీడియోలో కనబడి "డిజిటల్ అరెస్టు" అనువాడు దొంగ. అట్టి అరెస్టు మన చట్టములో లేదు. మోసపోయిన సిగ్గుపడి దాచక వెంటనే 1930 నకు ఫోను చేయవలెను. గంటలోపల చెప్పిన సొమ్ము నిలుపబడు నవకాశము హెచ్చు. మరునాడు చెప్పిన దొంగ జాడ చల్లబడును.

కొందరి యాక్షేపణలు

"ఈ వయసులో మాకు చదువేమి?" యని పెద్దలు కొందరందురు. చుక్కను చూచి ప్రొద్దు చెప్పగలవారు, మట్టిని నలిపి పదును చెప్పగలవారు నాలుగు అంకెలు నొక్కుట నేర్వలేరని నేను నమ్మను. "కొడుకుండగా నేనేల?" యని మరికొందరందురు. కొడుకును నమ్మవలదని నేననుట లేదు. కొడుకు చూపవలెను, తండ్రి నొక్కవలెను. అంతియే భేదము. కొడుకు ఊరు విడిచినప్పుడు ఆ విద్య కొడుకుతో పోరాదు. ఇక స్త్రీల మాట. పాలు పిండునదియు, కలుపు తీయునదియు, పొదుపు సంఘము నడుపునదియు వారే. అయినను ఇంటిలో ఫోను ఒక్కటైనచో అది మగవాని జేబులో నుండును. పాల పైకము ఆమె ఖాతాకు వచ్చి, సందేశము భర్త ఫోనునకు వచ్చిన ఆ ఖాతా ఎవరిది? యోచింపుడు.

ఫోను వలన పిల్లలు చెడుచున్నారను మాటయు వినుచున్నాను. నిజమే. కత్తి వలన చేయియు తెగును. దానికై కత్తిని పారవేయము, పట్టుట నేర్పుదుము. సాయంకాలము ఫోనుపై కాలక్షేపము చేయు బాలునిచేత ఆ ఫోనుతోనే తాతకు మేఘదూత్ చదివి వినిపింపజేయుడు. ఇరువురికిని మేలు.

సంఘము చేయదగినది

1904లో మన దేశమున మొదటి సహకార చట్టము వచ్చినప్పుడు దాని యుద్దేశము ఒక్కటే. ఒంటరి రైతు వడ్డీ వ్యాపారి యెదుట నిలువలేడు, పదిమంది చేరిన నిలువగలరు. ఈ క్రొత్త విద్యకును ఆ న్యాయమే వర్తించును. 2022 జూన్‌లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి మార్చుటకు ఆమోదించెను. సంఘపు లెక్క కంప్యూటరులోనికి పోవుచుండగా సభ్యుడు దానిని చదువ నేర్వనిచో, దూరము తగ్గుటకు బదులు పెరుగును. కావున మన పాలకవర్గమువారికి నాలుగు మనవులు చేయుచున్నాను.

ఒకటి: సంఘమున ఒక నంబరుల పుస్తకముంచి, ప్రతి సభ్యుని నంబరు ఆయన పేరిటనే యున్నదో, పరుల పేరిట నున్నదో వ్రాయవలెను. పరుల నంబరులున్నవారిచేత ఈ సంవత్సరాంతమునకు సొంత నంబరు తీయింపవలెను.

రెండు: నెలకొక సాయంకాలము సంఘపు వరండాలో ఫోను బడి పెట్టవలెను. నెలకొక్క పనియే నేర్పవలెను. ఒక నెల 1-బి చూచుట, మరియొక నెల వాన కబురు, ఆపైన ఖాతా చూచుట. స్త్రీలకు వేరుగా, వారికి తీరికయగు వేళ పెట్టవలెను. నేర్పుటకు నేను వచ్చెదను. కళాశాలలో చదువుచున్న మన బిడ్డలును రావలెను.

మూడు: సహాయము చేయువారెవరైనను, నేనైనను సరే, ఇతరుల ఫోను చేతిలోనికి తీసికొనరాదను నియమము పెట్టవలెను. పిన్ ఎవరిది వారే నొక్కవలెను.

నాలుగు: అప్పు గడువునకు నెల ముందు, వారము ముందు ప్రతి ఋణస్థునకును సంఘమునుండి గొంతుతో కబురు పోవలెను. అప్పటికిని జవాబు రానివారి యింటికి మనిషి పోవలెను. యంత్రము పలుకని చోట మనిషి పలుకవలెను. సహకారమన్న అదియే గదా.

వీనిలో ఏదియు గొప్ప ఖర్చుతో కూడినది కాదు. ఒక వరండా, ఒక దీపము, నెలకు రెండు గంటల కాలము, కొంచెము ఓపిక, ఇంతియే.

ఈ వ్యాసము ముగించుటకు ముందు మరల ఆ ముసలితల్లిని కలిసితిని. ఆరు వారములుగా మనుమరాలు ప్రక్కన కూర్చుండి చూపగా ఆమె తన ఖాతా తెరచుట నేర్చినది. అంకెలు చదువగలదు, అక్షరములు చదువలేదు. పచ్చరంగు వచ్చిన పైకము, ఎఱ్ఱరంగు పోయిన పైకము అని గుర్తు పెట్టుకొన్నది. నన్ను చూచి, "నాయనా, ఈ నెల నా దుడ్డు వచ్చింది" అనెను. నన్ను అడుగలేదు, నాకు చెప్పినది. మన సంఘమునందలి సభ్యులందరును అట్లు చెప్పగలిగిన దినమున ఈ ప్రదర్శకుడు మరల ఎరువులను గూర్చి వ్రాయ మొదలిడును.